ఏ విషం ఎంత విషం? ఒక కొలత కథ, దాని హద్దులు

లోకంలో అన్నిటికన్నా భయంకరమైన విషం ఏదని వెతికితే దాదాపు ప్రతిచోటా ఒకటే జవాబు దొరుకుతుంది: బొటులినం టాక్సిన్. క్లాస్ట్రిడియం బొటులినం అనే బ్యాక్టీరియా తయారుచేసే ప్రొటీన్ ఇది. చిట్టెలుకలకు సూదితో ఎక్కిస్తే, కిలో బరువుకు సుమారు ఒక నానోగ్రాము, అంటే గ్రాములో వందకోట్లో వంతు, వాటిలో సగాన్ని చంపడానికి సరిపోతుంది. ఆ వెంటనే ఇంకో వాక్యం కూడా వస్తుంది: ఒక్క గ్రాముతో పది లక్షల మందిని చంపొచ్చు అని. మొదటిది ప్రయోగశాలలో తేలిన కొలత, దాని పేరు ఎల్‌డి 50. రెండోది ఆ కొలతను జనం సంఖ్యతో హెచ్చవేసి చేసిన కాగితం లెక్క. ఆ గ్రామును రవ్వంత కూడా వృథా కాకుండా పది లక్షల మందికి సమానంగా పంచితేనే అది నిజమవుతుంది. ఈ రెండు వాక్యాలనూ ఒకే గాటన కట్టేయడం వల్లే విషాల గురించిన చర్చ చాలాసార్లు దారి తప్పుతుంది.

అసలు ఈ కొలత ఎందుకు పుట్టిందో చూస్తే చాలా విషయాలు తేటపడతాయి. 1927లో జాన్ విలియం ట్రెవన్ అనే బ్రిటిష్ ఔషధ శాస్త్రజ్ఞుడు దీన్ని ప్రతిపాదించాడు. ఆయన పనిచేసింది విషాల మీద కాదు, మందుల మీద. ఆ రోజుల్లో గుండెజబ్బుకు వాడే డిజిటాలిస్‌ను మొక్క ఆకుల నుంచి తీసేవారు. ఒక బ్యాచ్ బలంగా ఉండేది, ఇంకోటి నీరసంగా ఉండేది. రసాయనికంగా కొలిచే పద్ధతి లేదు కాబట్టి, కప్పలకో పిల్లులకో ఎక్కించి, ఎంత మోతాదుకు చనిపోతే అంత బలం అని లెక్కగట్టేవారు. దాన్ని కనీస ప్రాణాంతక మోతాదు అనేవారు. చిక్కేమిటంటే ఆ సంఖ్య ఎవరు కొలిస్తే వాళ్లకు ఒకలా వచ్చేది. గుంపులో అన్నిటికన్నా బలహీనమైన జంతువు ఎప్పుడు పోతుందన్నది యాదృచ్ఛికం మీద ఆధారపడి ఉంటుంది కదా.

ట్రెవన్ చేసిన పని, అంచున ఉన్న జంతువును వదిలేసి మధ్యలో ఉన్నదాన్ని పట్టుకోవడం. మోతాదు పెంచుకుంటూ పోతే చనిపోయే శాతం మొదట నెమ్మదిగా పెరుగుతుంది, మధ్యలో నిట్టనిలువుగా ఎగబాకుతుంది, చివర్లో మళ్లీ నెమ్మదిస్తుంది. నిట్టనిలువుగా ఉన్న ఆ మధ్యభాగంలో మోతాదు కొంచెం మారినా ఫలితం బాగా మారుతుంది, కాబట్టి అక్కడ కొలిస్తే తప్పు తక్కువ. అందుకే సగం, అంటే 50 శాతం. ఎల్‌డి 50 అనే పేరు అలా వచ్చింది, ఎల్‌డి అంటే లెథల్ డోస్, ప్రాణాంతక మోతాదు. కిలో శరీర బరువుకు ఇన్ని మిల్లీగ్రాములు అని దీన్ని చెబుతారు. సంఖ్య ఎంత చిన్నదైతే విషం అంత తీవ్రం.

ఒకే ప్రయోగశాలలో, ఒకే జాతి జంతువు మీద, ఒకే దారిలో ఎక్కించి, ఒకే మందు తాలూకు రెండు బ్యాచులను పోల్చడానికి ఇది చక్కని పనిముట్టు. దాన్ని పట్టుకుని ప్రపంచంలోని విషాలన్నిటికీ ర్యాంకులు ఇవ్వడం తరవాతి వాళ్ల పని. అక్కడ నుంచే తిప్పలు మొదలయ్యాయి.

ఆ ర్యాంకుల జాబితా ఒకసారి చూడటంలో తప్పులేదు. బొటులినం తరవాత దాదాపు దాని సరసనే ధనుర్వాతం కలిగించే టెటనస్ టాక్సిన్ ఉంటుంది. దీని ప్రాణాంతక మోతాదు ఎంత చిన్నదంటే, ఆ కాస్త విషాన్ని చూసి శరీరం రోగనిరోధక శక్తిని తయారుచేసుకోలేదు. ధనుర్వాతం వచ్చి బతికి బయటపడ్డ మనిషికి కూడా టీకా వేయాల్సిందే. ఆ తరవాత మైటోటాక్సిన్ వస్తుంది. సముద్రంలో ఉండే సూక్ష్మజీవి తయారుచేసే ఈ పదార్థం ప్రొటీన్ కాని విషాలన్నిటిలోకీ తీవ్రమైనవాటిలో ఒకటి, చిట్టెలుకల్లో కిలోకు 50 నానోగ్రాముల స్థాయి. కొలంబియా పసిఫిక్ తీరపు అడవుల్లో ఉండే పసుపుపచ్చని చిన్న కప్ప చర్మంలోని బాట్రకోటాక్సిన్ సుమారు రెండు మైక్రోగ్రాములు, అంటే రెండు వేల నానోగ్రాములు. ఆ కప్పను పుట్టినప్పటి నుంచీ గాజుపెట్టెలో పెంచితే దానిలో విషమే ఉండదు, ఎందుకంటే ఆ విషం దానికి అడవిలో తినే పురుగుల నుంచి వస్తుంది. ఆముదం గింజల్లోని రైసిన్ సూదితో ఇస్తే ఇరవై మైక్రోగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. యుద్ధాల కోసం మనిషి పనిగట్టుకుని తయారుచేసిన వీఎక్స్ అనే నరాల విషం కూడా ఇంచుమించు అదే స్థాయిలో ఉంటుంది. ఆక్సిజన్ లేకుండా మట్టిలో బతికే ఒక బ్యాక్టీరియా ముందు ఆయుధాల ప్రయోగశాలలు వేల రెట్లు వెనకబడ్డాయన్నమాట.

మరి సైనైడ్? జనం నోట్లో విషానికి మారుపేరు అదే. జాబితాలో మాత్రం ఎక్కడో కింద, కిలోకు కొన్ని మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. బొటులినం కన్నా లక్షల రెట్లు బలహీనం అని చదవగానే అనిపిస్తుంది. దాని పేరు మోగిపోవడానికి కారణం తీవ్రత కాదు, వేగం. కణాలు ఆక్సిజన్‌ను వాడుకునే చివరి మెట్టును అది నేరుగా మూసేస్తుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సైనైడ్ సంఖ్య ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి కొలిచింది. బొటులినం సంఖ్య చిట్టెలుకలకు సూదితో ఇచ్చి కొలిచింది. జంతువు వేరు, దారి వేరు. రెంటినీ పక్కపక్కన పెట్టి ఇన్ని రెట్లు అనడం ట్రెవన్ చూస్తే ఒప్పుకునే పోలిక కాదు. ఇంటర్నెట్‌లో తిరిగే జాబితాలు చాలావరకు ఇలాంటివే.

బొటులినం అంత కొంచెంతో అంత పని ఎలా చేస్తుందన్నది కాస్త దగ్గరగా చూడాల్సిన సంగతి. నరం కొసలో చిన్న చిన్న సంచులు ఉంటాయి, వాటి నిండా కండరానికి సందేశం మోసే అసిటైల్‌కోలిన్ అనే పదార్థం ఉంటుంది. కండరం కదలాలంటే ఆ సంచి నరం గోడకు అతుక్కుని, లోపలి సరుకును బయటికి వదలాలి. అలా అతికించే ప్రొటీన్లలో ఒకటి స్నాప్-25. బొటులినం టాక్సిన్‌లో ‘ఎ’ (A) అనే రకం నరంలోకి దూరి ఆ స్నాప్-25ను కోసేస్తుంది. కోసి ఊరుకోదు, మళ్లీ ఇంకో దాన్ని పట్టుకుంటుంది. అది ఎంజైము కాబట్టి పనిలో ఖర్చయిపోదు. సైనైడ్ అణువు ఒకటి ఒక ఎంజైమును మాత్రమే అడ్డుకోగలదు, ఇది మాత్రం ఒక్కటే నెలల తరబడి కోస్తూ పోగలదు. డిఫ్తీరియా టాక్సిన్, రైసిన్ కూడా ఇదే కోవలోనివి, కాకపోతే అవి కణంలో ప్రొటీన్ల తయారీని ఆపేస్తాయి. తీవ్రమైన విషాల జాబితాలో పైవరుసలో ఎంజైములు ఎక్కువగా కనిపించడం అందుకే.

రోగిలో ఇది పైనుంచి కిందికి దిగుతుంది. ముందు కనురెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనిపిస్తాయి, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది, ఆ తరవాత చేతులు, ఊపిరి. మనిషికి స్పృహ ఉంటుంది, జ్వరం ఉండదు. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎలెజెల్ అనే పల్లెలో అంత్యక్రియలకు వాయించడానికి వచ్చిన బ్యాండువాళ్లు నిలవ ఉంచిన పంది మాంసం తిని ఇలాగే పడిపోయారు, ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ మాంసం నుంచీ, చనిపోయినవాళ్ల శరీరాల నుంచీ బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. 20వ శతాబ్దం మధ్యభాగం దాకా ఈ జబ్బు సోకినవాళ్లలో సగానికి సగం మంది పోయేవారు. ఇప్పుడు నూటికి పదిమంది లోపే. విషం మారలేదు, మోతాదూ మారలేదు. ఊపిరి అందించే వెంటిలేటర్లు, విరుగుడు సీరం వచ్చాయి. అంటే ప్రాణాంతకం అన్న మాటలో పక్కన ఏ ఆసుపత్రి ఉందన్నది కూడా కలిసే ఉంది.

శరీరంలోకి వచ్చే దారి తేడా ఎంతుంటుందో రైసిన్ చెబుతుంది. సూదితో చిట్టెలుకను చంపే మోతాదుకు సుమారు వెయ్యి రెట్లు ఇస్తే గాని నోటి ద్వారా అదే ఫలితం రాదు, ఎందుకంటే జీర్ణాశయం ప్రొటీన్‌ను చాలావరకు అరిగించేస్తుంది, పేగు గోడ మిగతాదాన్ని ఆపేస్తుంది. 1978లో లండన్‌లో బల్గేరియా రచయిత గియోర్గి మార్కొవ్ తొడలోకి రెండు మిల్లీమీటర్లు కూడా లేని లోహపు గుండు దిగింది. నాలుగో రోజుకు ఆయన చనిపోయాడు. ఆ గుండు సన్నని రంధ్రాల్లో పట్టే పదార్థం ఎంతో లెక్కగట్టి, అంత కొంచెంతో మనిషిని చంపగలిగేవి ఏమున్నాయని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయి, రైసిన్ అయ్యుండాలని పరిశోధకులు తేల్చారు. శరీరంలో రైసిన్ దొరకలేదు. పాము విషమూ ఇంతే, రక్తంలో కలిస్తే ప్రాణం తీస్తుంది గాని కడుపులోకి వెళితే మామూలు ప్రొటీన్‌లా అరిగిపోతుంది. నోట్లో పుండ్లు లేకపోతేనే సుమా.

దారి తరవాత అడగాల్సిన ప్రశ్న: ఎవరికి? డయాక్సిన్‌లు అనే రసాయనాల సంగతి ఇక్కడ తీరిగ్గా చెప్పుకోవాలి. వీటిలో టీసీడీడీ అనే రకాన్ని మనిషి తయారుచేసినవాటిలో అత్యంత విషపూరితం అని ఒకప్పుడు విరివిగా రాసేవారు. ఆ మాటకు ఆధారం గినీ పందులు. వాటికి కిలోకు ఒక మైక్రోగ్రాము అటూ ఇటూగా సరిపోతుంది. అదే పదార్థం హ్యామ్‌స్టర్లకు ఇస్తే వెయ్యి మైక్రోగ్రాములు దాటినా తట్టుకుంటాయి. రెండూ చిన్న జంతువులే, రెండూ ఎలుకల జాతికి దగ్గరివే. మరి మనిషి గినీ పందిలాంటివాడా, హ్యామ్‌స్టర్ లాంటివాడా?

జవాబు రెండు చేదు అనుభవాల్లో దొరికింది. 1976 జులై 10న ఇటలీలో మిలాన్ దగ్గర సెవెసో పట్టణం మీదికి ఒక రసాయన కర్మాగారం నుంచి టీసీడీడీ కలిసిన మేఘం వచ్చిపడింది. కొద్ది రోజుల్లో కోళ్లు, కుందేళ్లు వేలల్లో చచ్చిపోయాయి. మనుషుల్లో వెంటనే ఒక్కరూ చనిపోలేదు. దాదాపు 200 మందికి, ముఖ్యంగా పిల్లలకు, క్లోరాక్నె అనే చర్మవ్యాధి వచ్చింది. రెండోది 2004లో ఉక్రెయిన్ అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న విక్తర్ యుష్‌చెంకో మీద జరిగిన విషప్రయోగం. ఆయన రక్తంలో టీసీడీడీ మామూలు జనంలో ఉండేదానికి 50,000 రెట్లు తేలింది. ముఖమంతా గడ్డలు కట్టి గుర్తుపట్టలేనట్టు అయిపోయింది గాని మనిషి బతికాడు, ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడయ్యాడు. వెంటనే చంపే విషయంలో మనిషి గినీ పంది కాదని తేలిపోయింది. అలాగని డయాక్సిన్ సాధువు అనుకోనక్కర్లేదు. 1997లో అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనిషికి కాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులో చేర్చింది. కొవ్వులో చేరి ఏళ్ల తరబడి కదలదు. గినీ పందుల సంఖ్య చెప్పిన భయం ఒకటి, మనిషికి నిజంగా ఉన్న ప్రమాదం ఇంకొకటి.

పొరపాటు అటువైపు జరిగితే పరవాలేదు, అతిగా భయపడ్డామంతే. ఇటువైపు జరిగితేనే శవాలు లేస్తాయి. డైఎథిలీన్ గ్లైకాల్ అనే తియ్యటి ద్రవం ఎల్‌డి 50 ఎలుకల్లో నోటి ద్వారా కిలోకు పది గ్రాములకు పైనే. వంటలో వేసే ఉప్పుకు అదే కొలత సుమారు మూడు గ్రాములు. జాబితాను నమ్మితే ఈ ద్రవం ఉప్పుకన్నా భద్రమైనది! 1937లో అమెరికాలో ఒక మందుల కంపెనీ సల్ఫానిలమైడ్ అనే బ్యాక్టీరియాను అణిచే మందును ఇందులో కరిగించి, రాస్‌ప్‌బెర్రీ వాసన కలిపి పిల్లలు కూడా తాగగలిగే సిరప్‌గా అమ్మింది. జంతువుల మీద పరీక్ష చేయలేదు, చేయాలన్న చట్టమూ లేదు. నూరుమందికి పైగా మూత్రపిండాలు పాడై చనిపోయారు. మనిషి ఎలుకకన్నా చాలా తక్కువ మోతాదుకే దెబ్బతింటాడని అప్పుడు తెలిసింది. ప్రభుత్వం ఆ సీసాలను స్వాధీనం చేసుకోవడానికి చట్టంలో దొరికిన ఒకే ఒక్క దారి, ఎలిక్సిర్ అని పేరు పెట్టిన మందులో ఆల్కహాల్ లేదన్న సాంకేతిక తప్పు. దాన్ని పట్టుకునే ఇంటింటికీ తిరిగి సరుకులో ఎక్కువ భాగాన్ని వెనక్కి తెచ్చారు. మరుసటి ఏడాదే కొత్త మందు అమ్మాలంటే ముందు భద్రత నిరూపించాలన్న చట్టం వచ్చింది. అదే ద్రవం కలిసిన సిరప్‌లు 1990లలో హైతీలో, 2006లో పనామాలో మళ్లీ ప్రాణాలు తీశాయి. 2022లో గాంబియాలో సుమారు 70 మంది పిల్లల మరణాల దగ్గర కూడా వినిపించింది ఇదే పేరు.

ఇంతవరకు చనిపోయినవాళ్లనే లెక్కపెట్టాం. ఎల్‌డి 50 చేసేది కూడా అదే. థాలిడోమైడ్ అనే నిద్రమందు 1957లో పశ్చిమ జర్మనీలో మార్కెట్‌లోకి వచ్చినప్పుడు, దాని గొప్పతనంగా చెప్పుకున్నది ఎలుకలకు ఎంత ఇచ్చినా చావకపోవడం. అప్పటి నిద్రమాత్రలు మోతాదు మించితే ప్రాణం తీసేవి, కాబట్టి ఇది పూర్తిగా సురక్షితం అని ప్రచారం చేశారు. గర్భం తొలి వారాల్లో వేసుకున్న తల్లులకు చేతులు కాళ్లు లేని పిల్లలు పుట్టారు, ప్రపంచమంతటా వేల సంఖ్యలో. 1961లో మందును ఆపేశారు. అంచనా వేసినవాళ్లు అంకెల్లో అబద్ధం చెప్పలేదు. వాళ్లు అడిగిన ప్రశ్న చచ్చిందా లేదా అన్నది మాత్రమే. పుట్టబోయే బిడ్డ ఆ ప్రశ్నలో లేదు. సీసం సంగతీ అలాంటిదే. చిన్నపిల్లల రక్తంలో కొద్దిగా ఉన్నా వాళ్ల తెలివితేటల మీద, ప్రవర్తన మీద ప్రభావం పడుతుంది. ఏ ఒక్క పిల్లా చావడు, ఏ పట్టికా కదలదు. 1920లలో పెట్రోలులో కలపడం మొదలైన సీసం కార్ల పెట్రోలులో నుంచి పూర్తిగా పోవడానికి, అల్జీరియాలో చివరి బంకు ఆగే 2021 దాకా పట్టింది.

కాలం కూడా మోతాదంత ముఖ్యం. ఆకస్మిక విషతీవ్రత పరీక్షల్లో జంతువులను మామూలుగా 14 రోజులు గమనిస్తారు. కారెన్ వెటర్‌హాన్ విషయంలో ఆ గడువు అయ్యేనాటికి ఆమె నిక్షేపంగా ఉంది. డార్ట్‌మత్ కాలేజీలో రసాయన శాస్త్ర ప్రొఫెసర్ ఆమె, విషలోహాలు శరీరాన్ని ఎలా దెబ్బతీస్తాయన్నదే ఆమె పరిశోధన. 1996 ఆగస్టు 14న ఒక పరికరం కొలతలను సరిచూసుకోవడానికి డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరసం కలిసిన ద్రవాన్ని చిన్న గొట్టంలోకి మారుస్తోంది. గాలి పీల్చేసే అరలోనే పని, చేతికి లేటెక్స్ గ్లోవ్, కళ్లకు అద్దాలు. ఒకటి రెండు చుక్కలు గ్లోవ్ మీద పడ్డాయి. ఆమె పని ముగించి గ్లోవ్ తీసేసింది, చేయి కడుక్కుంది. నిబంధనల్లో ఉన్నదేదీ తప్పలేదు. అయిదు నెలల తరవాత, 1997 జనవరిలో, నడకలో తూలడం, మాట తడబడటం మొదలయ్యాయి. పరీక్ష చేస్తే రక్తంలో పాదరసం లీటరుకు 4,000 మైక్రోగ్రాములు, ప్రమాదకరమని భావించే స్థాయికి ఇరవై రెట్లు. అదే ఏడాది జూన్ 8న చనిపోయింది, వయసు 48. తరవాత ఆ రకం గ్లోవ్‌ను పరీక్షిస్తే ఆ ద్రవం 15 సెకన్లలోపే దాన్ని దాటి చర్మానికి చేరుతోందని తేలింది. ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లో గ్లోవుల నిబంధనలు మారింది ఈ మరణం తరవాతే. ఇంత జరిగినా, కిలోకు ఇంత అనే వరుసలో చూస్తే ఈ పదార్థం బొటులినం దరిదాపుల్లోకి కూడా రాదు.

మనుషులకు సంబంధించిన అంకెలు పుస్తకాల్లో కనిపిస్తే అవి ఎక్కడివని అడగడం మంచిది. మనుషుల మీద ఎల్‌డి 50 కొలవరు, కొలవకూడదు. ప్రమాదాలు, ఆత్మహత్యలు, హత్యల రికార్డుల నుంచి, జంతువుల లెక్కల నుంచి ఊహించి రాస్తారు. నికోటిన్ కథ దీనికి మంచి నమూనా. 60 మిల్లీగ్రాములు పెద్దమనిషిని చంపుతాయని దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు, భద్రతా పత్రాలు, చివరికి అధికారిక హెచ్చరికలు కూడా రాశాయి. ఆస్ట్రియాకు చెందిన బెర్న్‌డ్ మయర్ 2014లో ఆ అంకె మూలం వెతుక్కుంటూ వెనక్కి వెళ్లాడు. ఒక పుస్తకం ఇంకో పుస్తకాన్ని చూపించింది, అది మరోదాన్ని. ఆఖరికి దారి 20వ శతాబ్దం మొదట్లో రాసిన ఒక జర్మన్ గ్రంథానికి, అక్కడినుంచి 19వ శతాబ్దం మధ్యలో కొందరు తమ మీద తామే చేసుకున్న ప్రయోగాలకు చేరింది. ఆ ప్రయోగాల్లో చెప్పిన లక్షణాలు తరవాతి అనుభవానికి ఏమాత్రం పొంతన లేనివి. అసలు సంఖ్య పుస్తకంలో ఉన్నదానికి చాలా రెట్లు ఎక్కువ అయ్యుండాలని ఆయన తేల్చాడు. వందేళ్లకు పైగా ఎవరూ మళ్లీ లెక్క చూసుకోలేదు.

విషతీవ్రత ఒకటి, ప్రమాదం ఇంకొకటి. పాముల్లో అత్యంత తీవ్రమైన విషం ఆస్ట్రేలియా లోతట్టు ప్రాంతాల్లో ఉండే ఇన్‌లాండ్ తైపాన్‌ది, చిట్టెలుకల లెక్క ప్రకారం. జనం లేని ఎడారిలో ఉంటుంది, మనిషిని చూస్తే తప్పుకుంటుంది, దాని కాటుకు గురైనవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ప్రపంచంలో ఏటా 81,000 నుంచి 1,38,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కలో పెద్ద వాటా రక్తపింజరి, చిన్నపింజరి, కట్లపాము, నాగుపాము లాంటివాటిది. వాటి విషం తైపాన్ ముందు తక్కువే. కానీ అవి పొలాల్లో ఉంటాయి, గట్ల మీద ఉంటాయి, రాత్రిపూట ఇళ్లలోకి వస్తాయి. వాయువుల్లోనూ ఇదే తీరు. కార్బన్ మోనాక్సైడ్ ఏ తీవ్ర విషాల జాబితాలోనూ పైన ఉండదు, కానీ వాసన లేదు, రంగు లేదు, మూసిన గదిలో ఏది కాలినా పుడుతుంది. 1984 డిసెంబరులో భోపాల్‌లో వేలమందిని చంపిన మిథైల్ ఐసోసయనేట్ ఒక గ్రాములో ఎంత విషమన్నది అసలు ప్రశ్నే కాదు. సుమారు 40 టన్నులు ఒకే ట్యాంకులో ఉండటం, సులువుగా ఆవిరయ్యే గుణం, గాలికన్నా బరువుగా నేలబారున పాకడం, పక్కనే నిద్రపోతున్న బస్తీలు, ఇవీ అక్కడ లెక్కలోకి వచ్చినవి.

ఈ గొడవలన్నీ తెలిసే నియంత్రణ సంస్థలు ఇప్పుడు కచ్చితమైన ఎల్‌డి 50 కోసం పట్టుబట్టడం లేదు. పాత పద్ధతిలో ఒక్కో పదార్థానికి పదుల జంతువులు చచ్చేవి, వచ్చిన సంఖ్య మళ్లీ ఇంకో ప్రయోగశాలలో మారిపోయేది. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ 2002లో ఆ పరీక్షను తన మార్గదర్శకాల నుంచి తొలగించింది. దాని స్థానంలో కొద్ది జంతువులతో, పదార్థం ఏ తరగతిలో పడుతుందో మాత్రమే చూసే పద్ధతులు వచ్చాయి. నోటి ద్వారా కిలోకు 5 మిల్లీగ్రాముల లోపు అయితే మొదటి తరగతి, 50 లోపు రెండోది, 300 లోపు మూడోది, 2,000 లోపు నాలుగోది. డబ్బా మీద పుర్రె బొమ్మ వేయాలా, ఆశ్చర్యార్థకం చాలా అన్నది తేల్చడానికి అంతకు మించిన సూక్ష్మం అక్కర్లేదు. రోజూ తిండిలో, నీళ్లలో వచ్చే వాటికైతే లెక్క పూర్తిగా వేరు. జంతువుల్లో ఏ హానీ కనిపించని మోతాదును పట్టుకుని దాన్ని మామూలుగా నూరుతో భాగిస్తారు. జంతువుకూ మనిషికీ ఉన్న తేడాకు పది, మనిషికీ మనిషికీ ఉన్న తేడాకు మరో పది. ఈ నూరు ప్రయోగంలో తేలింది కాదు, 1950లలో అమెరికా అధికారులు జాగ్రత్త కోసం అనుకున్న అంకె. చాలావరకు పనిచేసింది. సీసం దగ్గర మాత్రం పనిచేయదు, ఎందుకంటే ఏ హానీ లేదని చెప్పగలిగే మోతాదే దానికి ఇంతవరకు దొరకలేదు.

విషం మింగిన మనిషి ఆసుపత్రికి వచ్చినప్పుడు డాక్టర్లు ఈ పట్టికలేవీ ముందేసుకోరు. ఏం తీసుకున్నాడు, ఎంత, ఏ దారిలో, ఎప్పుడు, బరువెంత, ఇప్పుడు ఎలా ఉన్నాడు అని అడుగుతారు. ఈ అన్నిటిలో ‘ఎప్పుడు’ అన్నదే కొన్నిసార్లు కీలకం. పారాసిటమాల్ దీనికి స్పష్టమైన ఉదాహరణ. ప్రతి ఇంట్లో ఉండే మాత్ర, సరైన మోతాదులో సురక్షితం. మోతాదు మించితే కాలేయంలో ఒక చురుకైన పదార్థం పోగుపడి కణాలను చంపుతుంది. కానీ మొదటి రోజంతా మనిషికి కాస్త వికారం తప్ప ఏమీ ఉండకపోవచ్చు, బాగానే ఉన్నానని ఇంటికి వెళ్లిపోవచ్చు కూడా. అందుకే మింగిన నాలుగు గంటల తరవాత రక్తంలో మందు ఎంత ఉందో కొలిచి, 1975లో తయారైన ఒక గ్రాఫు మీద ఆ కొలతను చుక్కగా పెట్టి, అది ప్రమాద గీతకు పైన పడిందా కింద పడిందా అని చూస్తారు. పైన పడితే ఎన్-అసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఎక్కిస్తారు. ఎనిమిది గంటల లోపు మొదలుపెడితే కాలేయం దాదాపు ఎప్పుడూ దక్కుతుంది. ఆ తరవాత గడిచే ఒక్కో గంటకూ ఆ అవకాశం తగ్గుతూ పోతుంది, రోగికి మాత్రం అప్పటికింకా నొప్పి కూడా మొదలై ఉండదు.